మూడవ సాలార్ జంగు

హైదరాబాదు నగరమున అమీరుపేటకు, పంజగుట్టకు సమీపమున యూసుఫ్‌గూడ అను పేట కలదు. గూడ అను మాట పల్లెను తలపించుచున్నను, నేడది మేడలతోను అంగళ్లతోను క్రిక్కిరిసిన నగరభాగము. మెట్రో రైలు ఆగు నిలయములలో అదియు నొకటి. ప్రతిదినము వేలకొలది జనులు ఆ పేరు పలుకుచు వచ్చుచు పోవుచుందురు. అందొక మనుష్యుని పేరు ఇమిడియున్నదని తలచువారు అరుదు.

యూసుఫు మిక్కిలి ప్రాచీనమైన పేరు. బైబిలు యోసేపు అనియు, ఖురాను యూసుఫు అనియు పేర్కొనునది ఒక్క మహనీయునే. సోదరుల అసూయకు గురియై ఆయన పరదేశమున దాసుడుగా అమ్మబడెను, చెరసాలలో మ్రగ్గెను, తుదకు ఐగుప్తు రాజు కొలువున ఉన్నతాధికారి యయ్యెను. పంటలు సమృద్ధిగా పండిన యేడేండ్లలో ధాన్యము కూడబెట్టి, ఆ పిమ్మట వచ్చిన కరవున ప్రజలను కాపాడెనని ఆ గ్రంథముల వలన తెలియుచున్నది.

మన దక్కనునకు ఆ పేరు క్రొత్తది కాదు. పదునైదవ శతాబ్దము చివర బిజాపురమున ఆదిల్‌షాహీ రాజ్యమును స్థాపించినవాడు యూసుఫ్ ఆదిల్‌ఖాను. హైదరాబాదు నాంపల్లిలో యూసుఫైన్ దర్గాగా ప్రసిద్ధమైన చోట ఇద్దరు సాధువుల సమాధులున్నవి. అందొకరి పేరు యూసుఫుద్దీను. ఒకరు ఖడ్గముచేతను, ఒకరు భక్తిచేతను ఆ పేరును నిలిపిరి. ఈ పేరు గల వేరొకని చరిత్రము ఇచట చెప్పబడుచున్నది. ఆయన మీర్ యూసుఫ్ అలీఖాను.

అయితే లోకము ఆయనను ఆ పేరుతో నెరుగదు. సాలార్ జంగు అను బిరుదముతో నెరుగును. ఆ బిరుదమైనను ఆయన యొక్కనిది కాదు. తాతకు ఆ పేరే, తండ్రికి ఆ పేరే. తాతను మొదటి సాలార్ జంగనియు, తండ్రిని రెండవ సాలార్ జంగనియు, ఆయనను మూడవ సాలార్ జంగనియు చరిత్రకారులు వ్యవహరింతురు.

సాలార్ జంగు అనగా పారశీక భాషలో యుద్ధనాయకుడని అర్థము. ఈ బిరుదము హైదరాబాదునకే పరిమితమైనదియు కాదు. పదునెనిమిదవ శతాబ్దమున ఔధ్ నవాబగు షుజావుద్దౌలాకు బావమరదియైన ప్రభువును సాలార్ జంగే. ఒక దర్బారున నుండిన బిరుదము మరియొక దర్బారున నుండుట ఆ కాలమున వాడుక. పేరును మాత్రమే చూచి మనుష్యుని గుర్తింపబోవువాడు పలుమారు పొరబడును. మన కథానాయకుని తండ్రి పేరు మీర్ లాయక్ అలీఖాను. 1947 నవంబరు మొదలు 1948 సెప్టెంబరు వరకు హైదరాబాదు ప్రధానమంత్రిగా నుండినవాని పేరును మీర్ లాయక్ అలీయే. ఇద్దరును ఒకే సంస్థానమునకు ప్రధానమంత్రులు. కాని మొదటివాడు 1889లోనే మరణించెను. రెండవవాడు అప్పటికి పుట్టనే లేదు. చరిత్ర చదువువారు పేరుతోపాటు కాలమునుగూడ చూడవలెననుటకు ఇది మంచి నిదర్శనము.

సాలార్ జంగుల వంశము నిజాముల కొలువున తరతరములుగా మంత్రిపదవులు వహించిన వంశము. మీర్ ఆలం, మునీరుల్ ముల్కు, సిరాజుల్ ముల్కు అనువారు వీరి పూర్వులు. నగరమున మీర్ ఆలం చెరువు నేటికిని ఆ మొదటివాని పేరు నిలుపుచున్నది.

మొదటి సాలార్ జంగు అసలు పేరు మీర్ తురాబ్ అలీఖాను. ఆయన 1829లో జన్మించెను. తండ్రి సోదరుడగు సిరాజుల్ ముల్కు 1853లో మరణింపగా, ఇరువది నాలుగేండ్ల ప్రాయమున దివాను పదవి ఆయనకు లభించెను. నాటి సంస్థానపు స్థితి దయనీయముగా నుండెను. ఆ యేటనే బేరారు సీమ ఆంగ్లేయుల యధీనమయ్యెను. బొక్కసము వట్టిపోయెను. శిస్తు వసూలు గుత్తదారుల పాలైయుండెను. వారు రైతును పిండి సర్కారునకు కొంత కట్టి, మిగిలినది తాము అనుభవించుచుండిరి. తురాబ్ అలీఖాను గుత్త పద్ధతిని మాన్పించి, జీతము పుచ్చుకొను ఉద్యోగులను నియమించెను. రాజ్యమును జిల్లాలుగా విభజించెను. న్యాయస్థానములు, విద్యాలయములు నెలకొల్పెను. 1874లో వాడి నుండి హైదరాబాదునకు రైలు వచ్చినది ఆయన పాలనలోనే. 1857లో ఆయన ఆంగ్లేయుల పక్షము వహించెను. అందుకు పొగడినవారును కలరు, తెగడినవారును కలరు. ఇట్లు ముప్పదియేండ్లు రాజ్యభారము వహించి, 1883 ఫిబ్రవరి 8వ తేదీన వాంతిభేది సోకి ఆయన కన్నుమూసెను. ఆయన వలననే సాలార్ జంగు అను పేరు భారతదేశమందును, ఐరోపాలోను ప్రసిద్ధి గాంచెను.

అట్టి పేరు సంక్రమించుట భాగ్యమే. కాని ఆ భాగ్యము బరువైనది. ఆయన కుమారుడు మీర్ లాయక్ అలీఖాను 1884లో ప్రధానమంత్రి యయ్యెను. అప్పటికాయన వయస్సు ఇరువది రెండేండ్లు. రాజ్యవ్యవహారములలో పారశీకమునకు మారుగా ఉర్దూను ప్రవేశపెట్టినది ఆయన కాలముననే. కాని నిజామునకును ఆయనకును పొత్తు కుదరలేదు. మూడేండ్లకే పదవి విడువవలసి వచ్చెను. 1889 జూలై 7వ తేదీన ఆయన అకాలమరణము నొందెను.

ఆ మరణమునకు ఇరువది నాలుగు దినములకు ముందు, 1889 జూన్ 13వ తేదీన, పుణ్యపట్టణమున ఆయనకొక కుమారుడు కలిగెను. ఆ శిశువే మీర్ యూసుఫ్ అలీఖాను. తండ్రి ముఖము ఎరుగకుండగనే తండ్రిలేనివాడయ్యెను. తాత గతించి అప్పటికి ఆరేండ్లు దాటెను. ఆ వంశమున పేరు నిలుపవలసిన భారమంతయు నెల నిండని ఆ పసికందుపై పడెను.

బాలుడు యుక్తవయస్కుడగువరకు జాగీరు వ్యవహారములను ప్రభుత్వమే పర్యవేక్షించెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆ బాలునియెడ ఆదరము చూపి, తాతతండ్రుల బిరుదమును ఆయనకును అనుగ్రహించెను. ఆటలాడుకొను ప్రాయముననే యూసుఫు సాలార్ జంగయ్యెను. ఆ పేరు వినినవారెల్లరు బాలునియందు తాతను వెదకుచుండిరి. ఇతరుల కీర్తి తనకు ముందుగా నడచుచుండ పెరుగుట ఎంత కష్టమో మనము ఊహింపవచ్చును.

1911లో మీర్ ఉస్మాన్ అలీఖాను ఏడవ నిజాముగా సింహాసనమెక్కెను. మరుసటి యేడు మహారాజా కిషన్ పర్షాదు స్థానమున యూసుఫ్ అలీఖాను ప్రధానమంత్రిగా నియుక్తుడయ్యెను. అప్పటికాయనకు ఇరువది మూడేండ్లు. తాత ఇరువది నాలుగేండ్లకును, తండ్రి ఇరువది రెండేండ్లకును ఎక్కిన పీఠమును మనుమడు ఇరువది మూడేండ్లకు ఎక్కెను. నగరమెల్ల సంతోషించెను. మొదటి సాలార్ జంగు కాలము మరల వచ్చునని పెద్దలు ఆశించిరి.

ఆ ఆశ ఫలింపలేదు. నిజాము యువకుడు, మంత్రియు యువకుడు. నిజాము రాజ్యసూత్రములను స్వయముగా చేపట్టవలెనని తలచుచుండెను. అట్టి కొలువున మంత్రికి స్వేచ్ఛ యుండదు. 1914లో, రెండేండ్లు దాటిన కొలది మాసములకే, యూసుఫ్ అలీఖాను పదవి విడిచెను. ఆ పిమ్మట 1919 వరకు నిజాము ప్రధానమంత్రి లేకుండగనే పాలన సాగించెను.

ఇరువది యైదేండ్ల ప్రాయమున ఆయన రాజకీయజీవితము ముగిసెను. ఇట్టి స్థితిలో మనుష్యుడు పలు త్రోవలు త్రొక్కవచ్చును. పోయిన పదవికై కుట్రలు పన్నవచ్చును. పూర్వవైభవమును తలచుకొని నిట్టూర్పులు విడుచుచు కాలము గడుపవచ్చును. ధనమును విలాసములపాలు చేయవచ్చును. యూసుఫ్ అలీఖాను ఈ త్రోవలను విడిచి తనదియగు నొక మార్గమును కనుగొనెను. లోకమందలి సుందరవస్తువులను సేకరించుటకు ఆయన తన శేషజీవితము నంకితము చేసెను.

ఆ యింట సేకరణాభిలాష అంతకు ముందే కలదు. తాత 1876లో ఐరోపాకు వెళ్లినపుడు ఇటలీలో నొక పాలరాతి విగ్రహమును కొనెను. అది బెంజోనీ అను శిల్పి చెక్కిన రిబెకా విగ్రహము. ఆ స్త్రీ ముఖముపై మేలిముసుగు కప్పబడియున్నట్లును, ఆ ముసుగు గుండ ముఖకాంతి కనబడుచున్నట్లును తోచును. తాకినచో ముసుగును, ముఖమును ఒక్కటే రాయి. తండ్రియు కొన్ని వస్తువులు చేర్చెను. కాని ఆ యింటి నిధిని సముద్రమువలె పెంచినవాడు మనుమడే.

ముప్పది యైదేండ్లు ఆయన సేకరించెను. ఐరోపా నగరములకు స్వయముగా పోయి చూచి కొనెను. పోలేని చోట్లకు తన మనుష్యులను పంపెను. ఆయన కొనునను వార్త వ్యాపింపగా నానాదేశముల వర్తకులు హైదరాబాదు త్రోవ పట్టిరి. చీనా పింగాణి, జపాను పనితనము, పారశీకపు తివాచీలు, ఫ్రాన్సు దేశపు గాజుసామగ్రి, మొగలాయి చిత్తరువులు, దంతపు పీఠములు, పచ్చరాతి పాత్రలు బండ్లకొలదిగా ఆయన నివాసమగు దివాన్ దేవిడీకి చేరెను. ఆ భవనమున పింగాణి గోడలతో నొక చీనీఖానాయు, అద్దములతో నొక ఆయినాఖానాయు నుండెను.

ఆయన కేవలము మెరుపు గల వస్తువులనే కోరలేదు. పసిపిల్లల ఆటబొమ్మలుగూడ ఆ సేకరణలో నున్నవి. గడియారములు వందలకొలది యున్నవి. వానిలో నొకటి బాలబాలికలకు మిక్కిలి ప్రియమైనది. గంట కావచ్చినపుడు దాని తలుపు తెరచుకొని ఒక చిన్న మనుష్యుని బొమ్మ బయటకు వచ్చును. గంటలు కొట్టి మరల లోనికి పోవును. ఒకే దుంగలో నిరువైపుల చెక్కిన కొయ్యబొమ్మ మరియొక వింత. ముందు నిలచి చూచిన గర్వించిన మెఫిస్టోఫిలిసు కనబడును. వెనుక నమర్చిన అద్దములో చూచిన తల వంచిన మార్గరీటా అను ముగ్ధ కనబడును.

అరబ్బీ, పారశీక, ఉర్దూ వ్రాతప్రతులు వేలకొలదిగా ఆయన గ్రంథాలయమున చేరెను. వానిలో కొన్ని మొగలు చక్రవర్తుల చేతులలో మెలగినవి. ఖురాను నుంచి చదువుకొనుటకై ఢిల్లీ సుల్తాను ఇల్తుత్‌మిష్ పేర పచ్చరాతితో చేయబడిన పీఠమొకటి కలదు. జహంగీరు, నూర్జహాను వాడిన చురకత్తులు కలవు. యుద్ధనాయకుడను బిరుదము వహించిన ఈ ప్రభువు యుద్ధమెన్నడును చేయలేదు. వీరుల చేతులనుండి జారిన కత్తులను ఏరి, తుడిచి, ముందుతరమువారు చూచుటకై భద్రపరచెను.

విద్యార్థు లొక్క సంగతి మరువరాదు. ఈ వస్తువులు ధనముతో కొనబడినవి. ఆ ధనము ఎచటిది? సాలార్ జంగు జాగీరు సంస్థానములోని పెద్ద జాగీరులలో నొకటి. ఆ జాగీరు గ్రామములలో ఎండకు వానకు ఓర్చి పొలము దున్నిన రైతులు కట్టిన శిస్తే ఆ ధనము. దేవిడీలోని పింగాణి గిన్నెలో అన్నము వండని పల్లెల కష్టము కలదు. పాలరాతి రిబెకాను కొనిన సొమ్ములో పేరులేని కాపుల చెమట కలదు. నాటి ప్రభువులలో పలువురు అట్టి సొమ్మును వెచ్చించి జాడ లేకుండ చేసిరి. ఈయన దానిని చెడని వస్తువులుగా మార్చెను. ఇది ఆయనయందలి విశేషము. కాని ఆయన జీవించియున్నంతకాలము ఆ వస్తువులు దేవిడీ గోడల నడుమనే యుండెను. శిస్తు కట్టిన రైతు వానిని కన్నులార చూచుటకు తగిన వీలు లేకుండెను. ఇది ఆ కాలమునందలి లోపము.

యూసుఫ్ అలీఖాను వివాహము చేసికొనలేదు. ఆయనకు సంతానము లేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమయ్యెను. పాత కొలువులు, పాత పదవులు కరగిపోవుచుండిన ఆ సంధికాలమున, 1949 మార్చి 2వ తేదీన, ఆయన తన అరువదవ యేట మరణించెను. మీర్ మోమిన్ దాయిరాలో పూర్వుల సమాధుల చెంత ఆయన ఖననము చేయబడెను. ఆ యేడు ఆగస్టులోనే సంస్థానమందలి జాగీరులు రద్దు చేయబడెను. నాలుగవ సాలార్ జంగు లేడు. పేరు అచటితో ఆగెను.

పేరు ఆగినను, వస్తువులు మిగిలెను. వాని గతి యేమి? సంతానములేని ప్రభువు ఆస్తికి బంధువులు పలువురు హక్కుదారులైరి. పంచుకొనినచో ముప్పది యైదేండ్ల కృషి ముక్కలై, నూరు ఇండ్లకు చెదరి, వర్తకుల చేతులబడి దేశాంతరములు పోవును. కుండపెంకు కుండపెంకుగా పోయిన పిమ్మట ఆ కుండను మరల కూర్చగలవారుండరు. ఆ ఆపద నిజముగా నుండెను.

ప్రభుత్వము ముందుగా మేల్కొని, ఆస్తిని కాపాడుటకు ఒక సంఘమును నియమించెను. దేవిడీలో పోగుపడియున్న వస్తువులను వరుసగా అమర్చు పని జేమ్సు కజిన్సునకు అప్పగింపబడెను. ఆయన ఐర్లండు దేశీయుడు, కవి, కళావిమర్శకుడు. అంతకు పూర్వము మన మదనపల్లె కళాశాలలో పనిచేసినవాడు. 1951 డిసెంబరు 16వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలో సాలార్ జంగు వస్తుప్రదర్శనశాలను ప్రారంభించెను. ఏ తలుపులు నాటివరకు ప్రభువుల పల్లకీలకు మాత్రము తెరువబడినవో, ఆ తలుపులగుండ సామాన్యులు లోనికి నడచిరి.

పిదప హక్కుదారులును ప్రభుత్వమును న్యాయస్థానము ద్వారమున ఒడంబడికకు వచ్చిరి. బంధువులు పంపకము కోరక సేకరణను దేశమునకు విడిచిరి. ఈ త్యాగమును మనము తక్కువగా నెంచరాదు. 1961లో పార్లమెంటు శాసనము చేసి దానిని జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా ప్రకటించెను. 1968లో మూసీనది దక్షిణపు గట్టున నిర్మించిన క్రొత్త భవనమునకు వస్తువులన్నియు తరలింపబడెను. నలుబది వేలకు మించిన కళాఖండములు, వేలకొలది వ్రాతప్రతులు, గ్రంథములు అచట భద్రముగా నున్నవి. ఒక్క మనుష్యుని సేకరణ ఇంతగా ఒకచోట నిలిచియుండుట లోకమున అరుదు.

నేడు జిల్లాల నుండి పాఠశాలల బాలబాలికలు వరుసలు కట్టి అచటికి వత్తురు. గంట సమీపింపగనే అందరును గడియారము చెంత గుమిగూడి ఊపిరి బిగబట్టి చూతురు. ఆ పిల్లలలో ఒకనాటి జాగీరు గ్రామముల రైతుల మునిమనుమలు నుందురు. పూర్వులు కట్టిన శిస్తు ఈ రూపమున వారి కన్నులయెదుట నిలుచుచున్నది.

ఇప్పుడు ముగ్గురు సాలార్ జంగులను ప్రక్కప్రక్కన నిలిపి చూడుడు. తాత ముప్పదియేండ్లు రాజ్యమేలెను. తండ్రి మూడేండ్లు మంత్రిగా నుండెను. మనుమడు రెండేండ్లకు మించి కొలదికాలమే ఆ పదవిలో నిలిచెను. పదవీకాలమును బట్టి చూచిన మనుమడు అందరిలో చిన్నవాడు. కాని నేడు సాలార్ జంగు అనగనే పండితునికిని పామరునికిని ముందుగా తలపునకు వచ్చునది మూసీగట్టునందలి ఆ భవనమే. తాత సంపాదించి యిచ్చిన పేరునకు మనుమడు తాతయు ఎరుగని క్రొత్త అర్థమును సంపాదించెను.

తలిదండ్రులు పెట్టిన పేరు మనమెన్నుకొనినది కాదు. ఒకే పేరు పదిమందికి ఉండవచ్చును; మన తరగతిలోనే ఒకే పేరు గలవారు ఇద్దరు ముగ్గురు ఉందురు. పేరు వారిని వేరుచేయదు; చేసిన పని వేరుచేయును. యూసుఫ్ అలీఖాను తాతవలె రాజ్యమేలలేకపోయెను. అందుకు క్రుంగక, తనకు చేతనైన పనిని కడవరకు చేసెను. ప్రాచీనకాలపు యూసుఫు సమృద్ధిలో ధాన్యము కూడబెట్టెను. హైదరాబాదు యూసుఫు సమృద్ధిలో సౌందర్యము కూడబెట్టెను. ఆ ధాన్యము ఏడేండ్ల కరవునకు సరిపోయెను. ఈ నిధి ఎన్ని తరములకైనను తరగునది కాదు.